పెళ్లి గౌను కొనడానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఏ గౌను బాగుంటుంది అని అడిగేవాళ్ళకంటే, షాపులోకి వెళ్ళాక ఏం చేయాలో తోచలేదు, నలుగురూ నాలుగు మాటలన్నారు, మొహమాటానికి అడ్వాన్స్ కట్టేసి వచ్చాం, ఇప్పుడెలా అని అడిగేవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. నేను కొన్నేళ్ళు గౌన్ల ఆల్టరేషన్ పనిలో ఉన్నాను, అంటే కొన్న తర్వాత బయటపడే తప్పులన్నీ చివరికి నా బల్ల మీదకే వచ్చేవి. అందుకని మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే బుర్రకెక్కించుకోండి. గౌను ఆర్డర్ ఇచ్చి చేయించుకుంటుంటే, ట్రయల్ రూములో మీరు వేసుకునేది మీకు రాబోయే గౌను కాదు. అది శాంపిల్. మీ సైజు కాదు, ఒక్కోసారి మీరడిగే రంగు కూడా కాదు, అప్పటికే పదుల మంది వేసి విప్పింది. మీరు డబ్బు కట్టేది నిజానికి ఒక కాగితం మీద, ఆర్డర్ ఫారం మీద. ఇది గుర్తుంటే కింద చెప్పేవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

1. ముందు క్యాలెండర్ తీయండి

ఆర్డర్ మీద వచ్చే గౌనుకి మామూలుగా 4 నుంచి 8 నెలలు పడుతుంది. వచ్చాక మీ ఒంటికి సరిచేయడానికి ఇంకో 6 నుంచి 8 వారాలు పెట్టుకోవాలి, అందులో 2 లేదా 3 ఫిట్టింగ్‌లు ఉంటాయి. కాబట్టి పెళ్లికి 9 నెలల నుంచి ఏడాది ముందు వెతకడం మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

మరీ ముందుగా వెళ్ళినా చిక్కే. పెళ్లి ఏ కాలంలో, లోపలా బయటా, పగలా రాత్రా అన్నది తేలకుండా గౌను కొంటే, తర్వాత ఎండలో పచ్చిక మీద నడవాల్సి వచ్చినప్పుడు మందపాటి శాటిన్, వెనక 2 మీటర్లు ఈడ్చుకొచ్చే గుడ్డ మీ ప్రాణం తీస్తాయి. ముందు తేదీ, చోటు ఖాయం చేసుకోండి.

4 నెలల లోపే టైముంటే కంగారు పడొద్దు, కాకపోతే దారి మార్చుకోవాలి. షాపులో రెడీగా ఉన్నవి, అమ్మకానికి పెట్టిన శాంపిల్స్, ఒకసారి వాడినవి, అద్దెకిచ్చేవి చూడండి. అర్జెంట్ ఆర్డర్లు తీసుకునే షాపులూ ఉంటాయి గానీ దానికి అదనంగా వసూలు చేస్తారు.

2. డబ్బు మాట ఇంట్లోనే తేల్చుకోండి

ఎంత పెట్టగలం, ఎవరు పెడుతున్నారు, పెట్టేవాళ్ళకి నచ్చకపోతే ఏం చేయాలి. ఈ మూడో ప్రశ్న అడగడానికి అందరూ జంకుతారు. ఇంట్లో అడగకపోతే అది షాపులో, అద్దం ముందు, బయటి మనుషుల ఎదురుగా బయటపడుతుంది. అంతకంటే ఇబ్బంది ఇంకోటి లేదు.

అనుకున్న మొత్తం అంతా గౌనుకే అనుకోకండి. ఆల్టరేషన్ చాలాచోట్ల గౌను ధరలో కలిసి ఉండదు. మేలిముసుగు, లోపల వేసుకునేవి, చెప్పులు, ఆవిరి ఇస్త్రీ, పెళ్లిరోజు దాకా షాపులో దాచి ఉంచినందుకు తీసుకునే డబ్బు, ఇవన్నీ విడివిడిగా పడతాయి. నేనైతే మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టేసి, మిగిలిందే గౌను బడ్జెట్ అని చెప్పమంటాను.

షాపువాళ్ళకి అసలు సంఖ్యే చెప్పండి. తగ్గించి చెబితే మంచివి చూపించరు, పెంచి చెబితే మీరు కొనలేనివే చూపిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, బడ్జెట్ దాటిన గౌను "ఊరికే ఒకసారి వేసుకుని చూస్తాను" అనకండి. దాని తర్వాత మీ కంటికి ఇంకేదీ ఆనదు.

3. వెంట ఎవరు రావాలి

ఇద్దరు ముగ్గురు చాలు. 4 దాటితే అది షాపింగ్ కాదు, పంచాయితీ.

వెంట తీసుకెళ్ళేవాళ్ళలో ఒకరు మీ మనసెరిగినవాళ్ళు అయుండాలి, బాగోలేకపోతే మొహం మీద చెప్పగలిగే మనిషి ఒకరు ఉండాలి. డబ్బు పెట్టేవాళ్ళు రావాలనుకుంటే రానివ్వండి. అమ్మ, అత్త, పిన్ని, వదిన అందరూ వస్తామంటే మొదటిసారి కాదని, గౌను వచ్చాక జరిగే ఫిట్టింగ్‌కి పిలవండి. అప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది కాబట్టి అందరూ ముచ్చటగా చూసి వెళ్తారు, ఎవరి మనసూ నొచ్చుకోదు. చంటిపిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి. పాకే పిల్లాడి చేతికి నేల మీద పరుచుకున్న తెల్ల గుడ్డ అందిందంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

వచ్చేవాళ్ళకి ముందే రెండు మాటలు చెప్పండి. పెళ్లికూతురు బయటికి వచ్చాక ఆమె నోరు తెరిచేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ చాలా గొడవల్ని ఆపుతుంది, ఎందుకంటే గది నిండా "అబ్బే" అన్నాక తనకు నచ్చిందని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? రెండోది, ఒంటి మీద వ్యాఖ్యలు వద్దు. "ఈ గౌనులో నడుము దగ్గర ముడతలు పడుతున్నాయి" అనడం వేరు, "నీ నడుముకి ఇది నప్పదు" అనడం వేరు.

మీకూ మీ స్నేహితురాలికీ మధ్య ఒక గుర్తు పెట్టుకోండి. మీరు చెవి పట్టుకుంటే "ఇక్కడి నుంచి బయటపడదాం" అని అర్థం. నవ్వకండి, పనికొస్తుంది.

దూరంలో ఉన్నవాళ్ళకి వీడియో కాల్ చేయాలంటే ముందు షాపువాళ్ళని అడగండి, పక్కన బట్టలు మార్చుకునేవాళ్ళు ఉంటారు. ఒక్కో గౌనుకీ ఫోన్ చేయకుండా చివరికి మిగిలిన రెండింటినే చూపించండి.

4. అపాయింట్‌మెంట్

చాలా గౌను షాపుల్లో ముందే టైమ్ తీసుకోవాలి. మామూలుగా 60 నుంచి 90 నిమిషాలు ఇస్తారు, అందులో వేసుకుని విప్పడం అయ్యేసరికి 6 నుంచి 10 గౌన్లు చూడగలరు. వారాంతంలో కిటకిటలాడుతుంది, కుదిరితే పనిరోజు పొద్దున వెళ్ళండి. రోజుకి రెండు షాపులు చాలు. మూడోదానికి వెళ్ళేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఫోన్ చేసినప్పుడే ఇవి అడిగేయండి:

- శాంపిల్స్ ఏ సైజుల్లో ఉన్నాయి, నా సైజువి ఎన్ని ఉన్నాయి
- మీ దగ్గర గౌన్ల ధర ఎంత నుంచి ఎంత దాకా ఉంటుంది
- ఎంతమందిని వెంట తేవచ్చు
- ఫోటోలు తీసుకోనిస్తారా
- ట్రయల్‌కి డబ్బు తీసుకుంటారా, కొంటే అది తగ్గిస్తారా

మొదటి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. కాస్త లావుగా ఉండే అమ్మాయిలు వెళ్ళి, ఏదీ ఎక్కక, గౌనుని ఒంటికి ఆనించి పట్టుకుని చూసుకుని ఏడుస్తూ వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. సరిపడే శాంపిల్స్ లేని షాపుకి మీరు వెళ్ళనక్కర్లేదు.

వెళ్ళలేకపోతే కనీసం ఒక రోజు ముందు చెప్పండి. మీ కోసం ఒక గది, ఒక మనిషి ఖాళీగా ఎదురుచూస్తుంటారు. 20 నిమిషాలు ఆలస్యంగా వెళ్తే ఆ 20 నిమిషాలూ మీకే నష్టం, వెనక ఇంకొకరి టైమ్ ఉంటుంది.

5. వెళ్ళే రోజు ఒంటి సంగతి

తెల్ల బట్ట ఏదీ దాచదు. మీ లిప్‌స్టిక్ మరక తర్వాత వేసుకునే అమ్మాయి ఫోటోలో కనిపిస్తుంది.

- స్నానం చేసి వెళ్ళండి, ఒంటికి నూనె, లోషన్, మెరుపు పౌడర్ వద్దు
- లిప్‌స్టిక్, ఫౌండేషన్ వద్దు, కాటుకతో సరిపెట్టుకోండి
- ఘాటైన సెంటు కొట్టుకోకండి, గుడ్డకి పట్టేస్తుంది
- ఉంగరాలు, గాజులు, వాచీ ఇంట్లోనే, సన్నటి వల గుడ్డ ఇట్టే చిక్కుకుని చిరుగుతుంది
- జుట్టు పైకి కట్టుకోవడానికి ఒక క్లిప్పు
- ఒంటి రంగులో, అతుకులు కనిపించని లోదుస్తులు, భుజం పట్టీలు లేని బ్రా
- పెళ్లికి వేసుకోబోయే ఎత్తు చెప్పులు, అవి ఇంకా కొనకపోతే అదే ఎత్తువి
- కడుపు నిండా తిని వెళ్ళండి, మంచినీళ్ళు మాత్రం గౌను విప్పాకే తాగండి

నచ్చిన గౌన్ల ఫోటోలు 5 కి మించి తీసుకెళ్ళకండి. 60 ఫోటోలు చూపిస్తే వాళ్ళకి అర్థమయ్యేది ఒక్కటే, మీకే ఇంకా తెలీదని. వద్దనుకున్న వాటి ఫోటోలు ఒకటి రెండు ఉంటే అవి ఇంకా ఎక్కువ ఉపయోగం.

6. ట్రయల్ రూములో

గౌను వేయడానికి షాపు మనిషి మీతోపాటు లోపలికి వస్తుంది. ఇది తెలీక చాలామంది బిగుసుకుపోతారు. బరువైన గౌనుని ఒంటరిగా వేసుకోలేరు, బలవంతంగా లాగితే జిప్పు పోతుంది. ఇబ్బందిగా ఉంటే పల్చటి స్లిప్ వేసుకుని వెళ్ళండి, లేదా "లోపలివి సర్దుకునేదాకా కాస్త బయట ఉంటారా" అని అడగండి, తప్పేం లేదు. తల మీంచి వేయాలా కాళ్ళ నుంచి ఎక్కించాలా అన్నది ఆమెనే చెప్పనివ్వండి. నడిచేటప్పుడు ముందు భాగం రెండు చేతులతో పైకెత్తి నడవండి, తొక్కకండి.

శాంపిల్ మీకు పెద్దదైతే వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తారు. చిన్నదైతే వెనక తెరిచి ఉంచి గుడ్డ అడ్డం పెడతారు. రెండు సందర్భాల్లోనూ అద్దంలో కనిపించేది సగం నిజమే. క్లిప్పులతో బిగించినప్పుడు ముందు వైపు అందంగా వస్తుంది, పక్క కుట్లు మాత్రం వెనక్కి జరిగిపోయి ఉంటాయి. కాబట్టి ఫిట్టింగ్ సంగతి ఇప్పుడు వదిలేయండి. మెడ ఆకారం, నడుము ఎక్కడ మొదలవుతుంది, కింద ఎంత వెడల్పు, గుడ్డ ఎలా పడుతోంది, చూడాల్సింది ఇవీ.

గుడ్డల గురించి రెండు ముక్కలు. శాటిన్ మెరుస్తుంది, కూర్చుని లేస్తే ముడతలు కనిపిస్తాయి. క్రేప్ ఒంటికి అంటుకుని జారుతుంది, లోపలి ప్రతి గీతా బయటపెడుతుంది. షిఫాన్ తేలిక, గాలికి ఎగురుతుంది. టల్ అనే వల గుడ్డ పొరలు పొరలుగా ఎంత పెట్టినా బరువుండదు గానీ ముళ్ళకీ గోళ్ళకీ చిక్కుకుంటుంది. మికాడో అనే మందపాటి పట్టు రకం గుడ్డ బిగువుగా నిలబడుతుంది, ఆకారం చెడదు, చలికాలానికి హాయి.

రంగు దగ్గర తొందరపడొద్దు. తెలుపు అంటే ఒకటే తెలుపు కాదు. మల్లెపూవు తెలుపు కొన్ని చర్మాల మీద మరీ కొట్టొచ్చినట్టుంటుంది, ఐవరీ అనే మీగడ రంగు ఎక్కువమందికి నప్పుతుంది. షాపు లైట్ల కింద తేడా తెలీదు, కిటికీ దగ్గరికో గుమ్మం దగ్గరికో వెళ్ళి చూస్తానని అడగండి. మేలిముసుగు వేరేచోట కొనేటట్టయితే గౌను గుడ్డ చిన్న ముక్క ఇవ్వగలరా అని కూడా అడగండి, ఎందుకంటే రెండు షాపుల "ఐవరీ" ఒక్కటి కాదు.

మొహమాటం ఇక్కడే దెబ్బ కొడుతుంది. నచ్చకపోతే "బాగుంది, కానీ..." అని నసగకండి. ఆమె మీరన్న "బాగుంది" పట్టుకుని అలాంటివే మరో మూడు తెస్తుంది. "మెడ నచ్చింది, కింద ఇంత వెడల్పు వద్దు" అని ముక్కలు చేసి చెప్పండి. అది ఆమెకి సాయం, అవమానం కాదు.

7. అద్దం ముందు నిలబడి ఊరుకోకండి

గౌనులో మీరు గంటలు గంటలు గడపాలి. నచ్చిన ప్రతి గౌనుతోనూ ఇవి చేసి చూడండి:

- కుర్చీలో కూర్చోండి, పొట్ట దగ్గర బోన్లు (ఆకారం నిలవడానికి లోపల కుట్టే గట్టి పుల్లలు) గుచ్చుకుంటున్నాయా
- రెండు చేతులూ పైకెత్తండి, కిందికి జారుతోందా
- ఎవరినైనా గట్టిగా కౌగిలించుకోండి
- నాలుగు మెట్లు ఎక్కి దిగండి
- ఒక్క నిమిషం ఊపిరి గట్టిగా పీల్చి వదలండి
- వెనక నుంచి ఫోటో తీయించుకోండి, వేడుకలో అందరూ ఎక్కువసేపు చూసేది మీ వీపే

బాత్రూం సంగతి కూడా ఆలోచించుకోండి. అడగడానికి సిగ్గుపడకండి, ఆ షాపులో రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అది.

వెనక నేల మీద పరుచుకునే భాగాన్ని ట్రెయిన్ అంటారు. వేడుక అయ్యాక దాన్ని పైకి మడిచి గుండీలకో హుక్కులకో తగిలించే ఏర్పాటు బసిల్. చాలా గౌన్లకి అది కుట్టి రాదు, ఆల్టరేషన్‌లో పెట్టించుకోవాలి, దానికి వేరే డబ్బు. డ్యాన్స్ చేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే అడగండి.

8. తేల్చుకోవడం

చూసినవాటిలో రెండు మిగిల్చి, చివర్లో ఆ రెండూ మళ్ళీ వేసుకోండి. వెంట వచ్చినవాళ్ళని ఐదు నిమిషాలు బయట కూర్చోమని, అద్దం ముందు ఒక్కరే ఉండండి. కన్నీళ్ళు రావాలని రూలేమీ లేదు. ఎంతోమందికి రావు, అలాంటివాళ్ళు కూడా సంతోషంగానే పెళ్లి చేసుకున్నారు.

"ఇవాళే కడితే తగ్గింపు" అంటే, ఆ మాట రాసివ్వమని, ఎప్పటివరకు చెల్లుతుందో అడిగి, ఒక రాత్రి నిద్రపోయి రండి. ధర తగ్గించమని అడగడం తప్పు కాదు, ఒకసారి మర్యాదగా అడగండి, కాదంటే వదిలేయండి. కొలతలు తీయించుకుని, స్టైల్ నంబర్ రాసుకుని, గంటన్నర వాళ్ళ టైమ్ వాడుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయడం మాత్రం అన్యాయం. కొనకపోతే "ఆలోచించుకుంటాం, థాంక్స్" చాలు, సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

ఆర్డర్ ఇచ్చేశాక ఇంక గౌన్లు చూడటం ఆపేయండి. ఫోన్‌లో దాచుకున్న ఫోటోలు కూడా తీసేయండి.

9. కొలతలు, ఆర్డర్ ఫారం

గౌను సైజు నంబర్ మీరు రోజూ వేసుకునే బట్టల నంబర్‌తో కలవదు, తరచూ ఒకటి రెండు సైజులు పెద్దది రాస్తారు. ఉలిక్కిపడకండి, అది ఆ కంపెనీ చార్టు ప్రకారం వచ్చే నంబర్, అంతే. ఛాతీ, నడుము, హిప్ కొలతల్లో ఏది చార్టులో పెద్ద సైజుకి వెళ్తే ఆ సైజే ఆర్డర్ ఇవ్వాలి. టైట్ చేయడం తేలిక. లూజు చేయాలంటే లోపల గుడ్డ వదిలి ఉండాలి, అది ఎంత ఉంటుందో గౌను వచ్చేదాకా తెలీదు.

"పెళ్లికి తగ్గుతాను కదా, ఒక సైజు చిన్నది రాయండి" అనేవాళ్ళని ఎంతమందినో చూశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇవాళ ఉన్న ఒంటికే ఆర్డర్ ఇవ్వండి. తగ్గితే టైలర్ ఉన్నాడు.

సంతకం పెట్టేముందు ఫారంలో ఇవన్నీ రాసి ఉన్నాయో లేదో వేలు పెట్టి చదవండి:

- స్టైల్ నంబర్, సైజు, రంగు పేరు (లోపలి పొర రంగు వేరైతే అది కూడా)
- మీరడిగిన ప్రతి మార్పు, చేతులు, మెడ, ట్రెయిన్ పొడవు
- కొలతలు, తీసిన తేదీ
- గౌను షాపుకి చేరే తేదీ (పెళ్లికి కనీసం 2 నెలల ముందు ఉండాలి)
- కట్టింది ఎంత, మిగిలింది ఎంత, ఎప్పుడు కట్టాలి
- రద్దు చేసుకుంటే ఏమవుతుంది
- తప్పు గౌను వస్తే, ఆలస్యమైతే వాళ్ళేం చేస్తారు

అడ్వాన్స్ చాలాచోట్ల సగం దాకా ఉంటుంది, తిరిగి ఇవ్వరు. నోటి మాటగా "చేతులు పెట్టిస్తాంలే" అంటే చాలదు. మా వదినకి ఇలాగే జరిగింది, పొడుగు చేతులు అనుకున్నాం, ఫారంలో ఆ గడి ఖాళీ, గౌను చేతులు లేకుండా వచ్చింది. చివరికి అదే రకం లేసు వెతికి నేనే కుట్టాను, దగ్గరగా చూస్తే తేడా ఇప్పటికీ తెలుస్తుంది.

10. గౌను వచ్చాక

షాపులోనే, వెలుతురులో, ఫారం పక్కన పెట్టుకుని చూడండి. రంగు, సైజు లేబుల్, జిప్పు, పూసలు, లోపలి కుట్లు, మరకలు. ఇంటికి తీసుకెళ్ళాక కనిపించిన మరక మీదే అవుతుంది.

ఫిట్టింగ్‌లకి అవే చెప్పులు, అవే లోదుస్తులు ప్రతిసారీ తీసుకెళ్ళాలి. ఎత్తు చెప్పులకి అంచు కత్తిరించాక, "నొప్పిగా ఉన్నాయి, ఫ్లాట్స్ వేసుకుంటా" అంటే గౌను నేల ఊడుస్తుంది. పోనీ అది మళ్ళీ కుట్టొచ్చు. ఫ్లాట్స్‌కి కత్తిరించి, తర్వాత ఎత్తువి కొంటే మాత్రం కత్తిరించిన గుడ్డని నేను తిరిగి అతికించలేను. ఆఖరి ఫిట్టింగ్ పెళ్లికి వారం రెండు వారాల ముందు పెట్టుకుని, పెళ్లిరోజు మీకు గౌను వేయబోయే స్నేహితురాల్ని తీసుకెళ్ళి, బసిల్ ఎలా తగిలించాలో వీడియో తీసుకోమనండి. వెనక చిన్న గుండీలుంటే ఒక క్రోషే సూది కొనిపెట్టుకోండి, వేళ్ళతో అరగంట పట్టే పని 5 నిమిషాల్లో అయిపోతుంది.

ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో ఉంచొద్దు, గాలాడే నూలు సంచి మేలు. హ్యాంగర్‌కి భుజాలు కాకుండా లోపల కుట్టిన పట్టీలు తగిలించండి. పూసల బరువున్నవి పరిచి పెట్టండి, వేలాడితే సాగుతాయి.

11. తేడా వస్తే

బిగుతైంది: పక్క కుట్లలో గుడ్డ ఉంటే విప్పుతారు, లేకపోతే పక్కన పట్టీ కలుపుతారు. జిప్పు తీసేసి తాళ్ళతో బిగించే వీపు పెట్టించడం ఇంకో దారి, చాలా సైజు కలిసొస్తుంది.

పట్టీలు లేని గౌను జారుతోంది: లోపల నడుము దగ్గర గట్టి రిబ్బన్ కుట్టించి హుక్ పెట్టించండి. బరువంతా నడుము మోస్తుంది, ఛాతీ దగ్గర మాటిమాటికీ పైకి లాక్కోనక్కర్లేదు.

పొట్టిదైంది: అంచుకి లేసు కలపొచ్చు, లేదా చెప్పుల ఎత్తు తగ్గించండి, రెండోది చవక.

ఆలస్యమవుతోంది: చెప్పిన తేదీ దాటిన రోజే ఫోన్ చేసి, కొత్త తేదీ మెసేజ్‌లో రాసి పంపమనండి. దాన్నిబట్టి ముందే ఒక టైలర్‌ని మాట్లాడి పెట్టుకోండి, లేకపోతే గౌను వచ్చినా సరిచేసేవాళ్ళు ఖాళీ ఉండరు.

పెళ్లిరోజు మరక పడింది: రుద్దకండి. పొడి తెల్ల గుడ్డతో అద్దండి, అంతే. చిన్నదైతే మీద తెల్ల సుద్దముక్క కాస్త రాస్తే ఫోటోల్లో కనిపించదు. ఐవరీ మీద మాత్రం సుద్ద వద్దు, తెల్లమచ్చ వేరేగా కనిపిస్తుంది.

వాడిన గౌను కొంటున్నారు: చంకల దగ్గర, కింది అంచు లోపల ముందు చూడండి. ఇదివరకే కుట్లు పట్టి గుడ్డ కత్తిరించేశారేమో అడగండి, కత్తిరించి ఉంటే లూజు చేయడం ఇక కుదరదు. కింది అంచు కూడా ఒకసారి కత్తిరించిందే అయుంటుంది కాబట్టి, అమ్మే అమ్మాయి ఎత్తూ ఆమె చెప్పుల ఎత్తూ రెండూ కనుక్కోండి.